గుండెను లెక్కగట్టిన వారు



నేడు నేను గుండెను గూర్చి ముచ్చటింపదలచితిని. పథ్యములును కషాయములును చెప్పుదునేమోయని మీరు సందేహింప పనిలేదు. నేను వైద్యుడను గాను. పాఠశాలలో గణితము బోధించి జీవనము గడపినవాడను. మనుష్యుని గుండె యే లెక్కను బట్టి కొట్టుకొనుచున్నదో మొదట కాగితముమీదను, పిదప యంత్రముమీదను వేసి చూచిన కొందరి చరిత్రయే నేటి ప్రసంగము. ఈ చరిత్ర నాకేల కావలసి వచ్చెనో ముందుగా విన్నవించుకొందును.

మా నాయనగారు పల్లెలో బడిపంతులుగా పనిచేసి విరమించినవారు. ప్రొద్దుననే అరుగుపై కూర్చుండి, మణికట్టుపై మూడు వ్రేళ్లు మోపి, గోడ గడియారము చూచుచు, తమ నాడిని తామే లెక్కించుకొనుట వారికి వాడుక. ఒకనాడు నన్ను పిలిచి, “ఒరే, చేయి ఎత్తుమన్న ఎత్తును. కాలు ఆపుమన్న ఆగును. ఈ గుండెకు మాత్రము నేనేమియు చెప్పుట లేదు గదా! నేను నిద్రపోవునప్పుడును తన పని తాను చేసికొనిపోవుచున్నది. దీనికి చెప్పువాడెవడురా?” అని యడిగిరి. మెదడని నేను బదులు చెప్పితిని. వారు నవ్వి, “మేకను కోసినచోట గుండె పళ్లెములో పడిన తరువాత గూడ కొంతసేపు అదరుట చిన్ననాడు చూచితిని. పళ్లెములో మెదడెక్కడిది?” అనిరి. నాకు సమాధానము తోచలేదు.

ఆ ప్రశ్న అంతటితో మరుగున పడియుండునేమో గాని, మరి కొన్నియేండ్లకు నా చేతనే యొక తప్పు జరిగెను. అప్పటికి వారికి డెబ్బదియెనిమిదేండ్లు. జ్వరమునకు ఒక వైద్యునివద్దకును, నిద్రపట్టని బాధకు మరియొక వైద్యునివద్దకును నేనే తీసికొనిపోతిని. ఒకరి చీటి మరియొకరికి చూపలేదు. రెండు చోట్ల వ్రాసిన మాత్రలును కొని, వేళ తప్పక నా చేతితోనే యిచ్చితిని. నాలుగవనాడు వారు నూతికడ నిలుచున్నవారు నిలుచున్నట్లే కూలిపోయిరి. పట్టణమున మూడవ వైద్యుడు గుండెయొక్క విద్యుత్తును కాగితముపై గీతగా తీయించి చూచి, రెండు చీటీలను ప్రక్కప్రక్కన పరచి, “ఈ మందును మంచిదే, ఆ మందును మంచిదే. రెండును కలియుటయే చిక్కు” అని చెప్పెను. దైవానుగ్రహమున నాయనగారు కోలుకొనిరి. నాకు మాత్రము ఆ మాట మనసున ముల్లువలె నాటుకొనెను. మంచియును మంచియును కలిసి చెడుగు ఎట్లగును? ఈ ప్రశ్నతో పుస్తకములు వెదకగా, మా నాయనగారి మొదటి ప్రశ్నకును దీనికిని సమాధానమొక్కటే యని తెలియవచ్చెను.

కథ గుండెతో మొదలుగాలేదు. ఒక సముద్రజీవి నరముతో మొదలయ్యెను. ఇంగ్లండు దేశపు సముద్రతీరమున ప్లిమత్ అను పట్టణము కలదు. అచ్చట 1939 ఆగస్టు మాసమున హాడ్జికిన్, హక్స్‌లీ అను నిరువురు స్క్విడ్డు అను మెత్తని సముద్రప్రాణి నరమును పరీక్షించిరి. మన నరములలోని ఒక్కొక్క తంతువు కంటికి కానరానంత సన్నము. ఆ ప్రాణియందలి యొక నరము మాత్రము లావుగా నుండును; దానిలోనికి సన్నని తీగెను చొప్పింపవచ్చును. అట్లు చొప్పించి, వార్త ప్రసరించునప్పుడు నరము లోపల విద్యుత్తు ఎట్లు పెరిగి తరుగునో వారు కొలిచిరి. కొన్ని వారములలోనే యుద్ధము వచ్చిపడుటచే పని నిలిచెను. యుద్ధము ముగిసిన పిదప మరల ప్రారంభించి, 1952లో తమ సమీకరణములను ప్రకటించిరి.

వారు కనుగొన్న సంగతి మనకు చెరువును చూచినచో బోధపడును. జీవకణము చుట్టును పలుచని పొర యుండును. పొరకు వెలుపల సోడియము మెండు, లోపల పొటాసియము మెండు. ఈ లవణములు విద్యుత్తును మోసికొనిపోవును. పొరయందు తూములున్నవి. సోడియము తూము తెరచినచో వెలుపలిది లోపలికి వచ్చును. పొటాసియము తూము తెరచినచో లోపలిది వెలుపలికి పోవును. మన చెరువు తూమును నీరుకట్టువాడు తీయును, మూయును. ఈ తూములకు నీరుకట్టు లేడు. పొరయందలి విద్యుత్తే తూములను తెరచును. తూములు తెరచుటచేత ఆ విద్యుత్తే మారును. మారిన విద్యుత్తు మరల తూములను మూయును. కారణము కార్యమును పుట్టించుచున్నది, కార్యము తిరిగి కారణమును మార్చుచున్నది. ఈ విషయమును చక్కగా జ్ఞాపకముంచుకొనుడు. తరువాతి కథ యంతయు దీనిమీదనే నిలిచియున్నది.

ఇట్లు వెలుపలిది లోపలికి, లోపలిది వెలుపలికి పోవుచుండిన కొంతకాలమునకు రెండు వైపులును సమమై పని ఆగవలెను గదా! అట్లు కాకుండుటకు, జారిన లవణములను ఏతముతో నీరు తోడినట్లు మరల తోడిపోయవలెను. ఆ తోడుటకు కూలి యడుగును. ఆ కూలి ఏ.టి.పి. యను పదార్థము. దీనిని 1929లో జర్మనీలో లోమన్ అనునాయనయు, అమెరికాలో ఫిస్క్, ఎల్లాప్రగడ సుబ్బారావు అను నిరువురును వేరువేరుగ వెల్లడించిరి. ఆ సుబ్బారావుగారు 1895లో భీమవరమున పుట్టిన మన తెలుగువారే. మన గుండె కొట్టుకొను ప్రతి పర్యాయమును ఆయన కనుగొన్న పదార్థము ఖర్చగుచునే యున్నది.

ఇక లెక్క సంగతి. 1951 మార్చినాటికి హాడ్జికిన్, హక్స్‌లీల సమీకరణములు సిద్ధమయ్యెను. వానిని సాధించి, నరమునందు కొలిచినట్టి గీతయే లెక్కలోనుండియు వచ్చునో లేదో చూడవలసి యుండెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున అప్పటికే యొక విద్యుద్గణన యంత్రము, అనగా కంప్యూటరు, కలదు. కాని దానిని మార్చి కట్టుటకై ఆరు నెలలు ఆపివేయుదురని తెలిసెను. హక్స్‌లీ నిరాశపడక, చేతితో పిడి త్రిప్పు బ్రన్స్‌విగా అను లెక్కల యంత్రమును ముందిడుకొని కూర్చుండెను. సెకండులో వేయవ వంతులకొలది కాలమున నరములో జరుగు పనిని, చిన్న చిన్న తునుకలు చేసి, ఒక్కొక్క తునుకకు లెక్కవేసి, దాని ఫలితముతో తరువాతి తునుకకు పోవుట. నరములో వార్త నడచుటను లెక్కించుటకే వారములు పట్టెను. తుదకు కాగితముపై ఏర్పడిన గీత, ప్రాణినుండి తీసిన గీతతో సరిపోయెను. 1963లో ఆ యిరువురకును, ఎక్లిస్ అను మరియొకరికిని నోబెలు బహుమాన మొసంగబడెను.

ఇందొక విశేషమున్నది. వారు తూములను కంటితో చూడలేదు. లెక్క కుదురవలెనన్నచో అట్టివి యుండవలెనని ఊహించిరి. ఒక్కొక్క తూముగుండ పారు విద్యుత్తును నేహర్, సాక్‌మన్ అనువారు విడిగా కొలుచునప్పటికి 1976వ సంవత్సరము వచ్చెను. లెక్క ముందుపోయెను, కొలత వెనుక వచ్చి సాక్ష్యమిచ్చెను.

ఇక గుండెకు వత్తము. 1960 ప్రాంతమున లండనులోని యూనివర్సిటీ కాలేజీలో డెనిస్ నోబుల్ అను ఇరువది మూడేండ్ల విద్యార్థి యుండెను. ఈ నోబుల్ పేరునకును ఆ నోబెలు బహుమానమునకును సంబంధము లేదు. నరపు సమీకరణములను మార్చి గుండెకు కట్టవచ్చునా యని అతనికి తోచెను. నరములో విద్యుత్తు సెకండులో వేయవ వంతు, రెండు వంతులు మాత్రమే నిలుచును. గుండెకణములో సెకండులో మూడవ వంతువరకును నిలుచును. అట్లు నిలువకున్నచో గుండె నెత్తురును త్రోయుటకు చాలినంతసేపు బిగియజాలదు. ఆ నిలుకడ యెక్కడనుండి వచ్చుచున్నది? నోబుల్ తెల్లవారుజామున కబేళాకు పోయి అప్పుడే కోసిన గొర్రెల గుండెలను తెచ్చికొని, వాని తంతువులను పరీక్షించెడివాడు. గుండెకణము ఉద్రేకించినప్పుడు పొటాసియము తూములలో కొన్ని తెరచుకొనుటకు మారుగా మూసికొనుచున్నవని అతడును, అతని గురువు హట్టరును కనుగొనిరి. కట్టకు గండ్లు తగ్గిన చెరువులో నీరు నిలిచినట్లు, విద్యుత్తు నిలుచుచున్నదన్నమాట. తోడిపోయవలసిన పనియు దానిచే తగ్గును.

లెక్కకు చేతియంత్రము చాలదు. లండను విశ్వవిద్యాలయమున మెర్క్యురీ అను పేరుగల పెద్ద గణనయంత్రమొకటి యుండెను. అతడు దానిని వాడుకొందునని యడిగెను. ఆ యంత్రమును చూచువారు అతని కాగితములను తిరుగవేసి, మీ సమీకరణములలో లయను పుట్టించు అంశమేది యని ప్రశ్నించిరని అతడే తరువాతి కాలమున చెప్పియున్నాడు. గుండె తాళము వేయుచున్నదిగదా, తాళము వేయువాడు సమీకరణములో నెక్కడను కనబడుట లేదని వారి యాక్షేపణ. పెద్దలారా, ఇది మా నాయనగారు అరుగుపై కూర్చుండి యడిగిన ప్రశ్నయే గదా!

ఎట్టకేలకు అతనికి యంత్రమునిచ్చిరి. ఎప్పుడనగా, ఎవ్వరికిని అక్కరలేని రాత్రి రెండు గంటలనుండి నాలుగు గంటలవరకు. నాలుగు గంటలకు యంత్రమును విడిచి, కబేళాకు పోయి, పగలు గొర్రె గుండెతో పరీక్షలు జరిపి, మరల రాత్రి యంత్రమువద్దకు పోవుట అతని దినచర్య యయ్యెను. ఆ యంత్రముపై తుదకు వెడలిన యంకెలను గీతగా గీయగా, గుండె కొట్టుకొను గీతయే వచ్చెను. ఒకసారి కొట్టుకొని యాగలేదు. తనంతట తాను మరల మరల కొట్టుకొనెను. తాళము వేయువానిని ఎవ్వరును సమీకరణములో పెట్టలేదు. తూములు విద్యుత్తును, విద్యుత్తు తూములను ఒకదానినొకటి త్రిప్పుకొనుటలోనుండి తాళము పుట్టెను. 1960లో ఆ ఫలితమును ప్రకటించిరి.

ఈ విజయమును చెప్పి ఊరకుండిన నేను చరిత్రకు ద్రోహము చేసినవాడనగుదును. గీత సరిపోయెనుగాని అందు తప్పులున్నవి. గుండెలో కాల్సియము తూములు కూడ కలవు. గుండెబిగువుకు అవి ముఖ్యము. ఆ సంగతి 1960లో తెలియదు. 1967లో రాయిటర్ అను శాస్త్రజ్ఞుడు దానిని చూపెను. తెలియని తూము చేయవలసిన పనిని నోబుల్ తన లెక్కలో సోడియము తూముపై వేసెను. అట్లే గుండెతాళమును నడపు ఒక ప్రవాహమును పొటాసియము ప్రవాహమని చాలకాలము నమ్మిరి. 1981లో ఇటలీలోని డిఫ్రాంచెస్కో అది వెలుపలికిపోవునది కాదనియు, లోపలికి వచ్చునదనియు నిరూపించెను. తన పూర్వపు లెక్క తలక్రిందైనను నోబుల్ కినియక, ఆ డిఫ్రాంచెస్కోతోనే కూడి 1985లో క్రొత్త సమీకరణములను ప్రకటించెను. ఆ ప్రవాహమును మాత్రము తగ్గించి గుండెవేగమును నెమ్మదింపజేయు ఐవాబ్రడీన్ అను మందును 2005లో యూరపు ఖండమున అంగీకరించిరి. నేడది మన దేశమునందును వాడుకలో నున్నది.

లెక్క సరిపోయినంత మాత్రమున సత్యము చిక్కినట్లు గాదు. బడిలో పిల్లవాడు రెండు తప్పులు చేసి సరియైన జవాబు తెచ్చుట నేను పలుమారు చూచితిని. అయినను లెక్క వేయుటవలన లాభమేమనగా, ఎక్కడ కుదురుట లేదో, అక్కడ వెదకవలెనని అది చెప్పును.

ఇప్పుడు విచారకరమైన ఘట్టమొకటి చెప్పవలసియున్నది. గుండెపోటు వచ్చి బ్రదికినవారికి నడుమ నడుమ అధికపు కొట్టుళ్లు వచ్చుచుండును. అట్టివారిలో ఆకస్మిక మరణములు ఎక్కువ. కావున ఆ అధికపు కొట్టుళ్లను అణచినచో ప్రాణము నిలుచునని వైద్యులు తలచిరి. ఇందు అసంబద్ధమేమియు లేదు. మీరును నేనును అట్లే తలచియుందుము. వానిని అణచు మందులు వచ్చినవి, చక్కగా అణచినవి. నిజముగా ప్రాణము నిలుచుచున్నదా యని తేల్చుటకు అమెరికాలో నొక పెద్ద పరీక్ష నడిపిరి. అందు ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అను మందులు 755 మందికిని, మందులేని వట్టి మాత్రలు 743 మందికిని ఇచ్చిరి. వట్టి మాత్రలు మ్రింగినవారిలో 26 మంది చనిపోయిరి. మందు పుచ్చుకొన్నవారిలో 63 మంది చనిపోయిరి. 1989లో ఆ మందులను పరీక్షనుండి అర్ధాంతరముగా తొలగించిరి.

మందు తాను చేయవలసిన పని చేసెను. సోడియము తూములను అడ్డగించెను. కాని గుండెపోటుచే మచ్చపడిన కండలో ఆ యడ్డువలన విద్యుత్తు నడక మందగించెను. మందగించిన విద్యుత్తు మచ్చచుట్టు తిరిగి వచ్చి, బయలుదేరిన చోటనే మరల ప్రవేశించి, సుడివలె తిరుగుటకు వీలు కలిగెను. ఆ సుడి మరణహేతువు. మన గొలుసుకట్టు చెరువులలో మీదిచెరువు అలుగును కొంచెము ఎత్తు చేసినచో ఆ యూరికి మేలే. క్రింది నాలుగు చెరువులకు ఏమి జరుగునో చూడక ఎత్తు చేసినవాడు దుర్మార్గుడు గాకున్నను, చెఱుపు చేసినవాడే యగును. ఆ వైద్యులును అట్టివారే.

కావున ఒక్క కణమును లెక్కించుట చాలదు. వేలకొలది కణముల వలను లెక్కించవలెనని పండితులు నిశ్చయించిరి. ఒక గణకము చాలనిచో అనేక గణకములను ఒక్కసారిగా పనికి పెట్టవలెను. నాట్లవేళ ఒక కూలి పదిదినములు నాటుటకు మారుగా ఎక్కువమందిని దింపి యొక్క దినమున ముగించినట్లే. అమెరికాలోని కనెక్షన్ మెషీన్ అను యంత్రములో 65,536 చిన్న గణకములు ఒక్కసారి పనిచేసెడివి. విన్‌స్లో అనునాయనయు, నోబులును, వారి తోడివారును దానిపై గుండెలయకు మూలమైన సైనస్ ముడిని లెక్కించి 1993లో ప్రకటించిరి.

దానిలో వింతయైన సంగతి బయలుపడెను. ముడియంచున నున్న కణములు చురుకైనవి; నడిమి కణములు మందమైనవి. ముడిని విడిగా లెక్కించినచో తాళము అంచున మొదలగును. దానిని చుట్టునున్న గుండెకండతో కలిపి లెక్కించినచో తాళము నడిమినుండి మొదలగును. ఏలయన, అంచు కణములు కండకు తగులుకొనియుండుటచే కండ వానిని వెనుకకు లాగును. చురుకైన యెద్దయినను బరువు బండికి కట్టినచో మెల్లగా నడచును. ఏ బండియు లేని ముసలియెద్దు దానికంటె ముందుపోవును. ముడిని కోసి వేరుచేసి పరీక్షించిన చోటను తాళము అంచువైపునకు జరుగుట కానవచ్చినది. గుండెకు నాయకుడెవ్వడన్న ప్రశ్నకు, ఎవరితో కలిసియున్నప్పుడని యెదురు ప్రశ్న వేయవలసియున్నది.

ఇక మందుల కలయిక సంగతి. టెర్ఫెనడిన్ అను మాత్ర తుమ్ములకు, జలుబు దద్దుర్లకు లోకమంతట వాడిరి. కాలేజము దానిని త్వరగా మార్చివేయుటచే సామాన్యముగా హాని కలుగలేదు. కాని కొన్ని శిలీంధ్రపు మందులును, ఎరిత్రోమైసిన్ వంటి జ్వరపు మందులును కాలేజము చేయు ఆ పనిని ఆపును. రెండును కలిసి పుచ్చుకొన్నవానిలో టెర్ఫెనడిన్ మారక నిలిచి, గుండెకుపోయి, విద్యుత్తును తిరిగి చల్లార్చు పొటాసియము తూమును అడ్డగించును. గుండె తాళము చెదరును, కొందరు చనిపోయిరి. 1998లో అమెరికాలో ఆ మందును తొలగించిరి. కాలేజము దానిని ఏ పదార్థముగా మార్చుచుండెనో, గుండెకు హానిలేని ఆ ఫెక్సోఫెనడిన్‌నే నేడు మాత్రగా అమ్ముచున్నారు.

దీనితో భయపడినవారై, ఆ పొటాసియము తూమును అడ్డగించు మందు లన్నిటిని త్రోసివేయవలెనని కొందరు తలచిరి. అదియును పూర్వపు పొరపాటే. వెరపమిల్ అను మందు ఆ తూమును అడ్డగించును. అయినను ఆ విధమగు హాని చేయుట అరుదు. కారణమేమనగా, అది కాల్సియము తూమును కూడ అడ్డగించును. వెలుపలికి పోవునది తగ్గినను లోపలికి వచ్చునదియు తగ్గుటచే పాళము నిలుచును. ఒక్క తూమును చూచినవానికి ఇది విషము. అన్ని తూములను కలిపి లెక్కవేసినవానికి మందు. అందుచేత 2013లో అమెరికాలో ఒక ప్రతిపాదన వచ్చెను. క్రొత్త మందు ఏయే తూములను ఎంతెంత అడ్డునో మొదట కొలిచి, ఆ కొలతలను మానవ హృదయకణపు సమీకరణములలో నుంచి, యంత్రముచే ఫలితము చూడవలెనని దాని సారము. 2011లో ఒహారా, రూడీ మొదలగువారు మానవ హృదయములనుండి కొలతలు గైకొని కట్టిన సమీకరణములను దానికి ఆధారముగ గ్రహించిరి.

2012లో కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలవారును, ఐ.బి.ఎమ్. సంస్థవారును కలిసి మానవుని గుండెలోని క్రింది రెండు గదులను సంపూర్ణముగా లెక్కవేసిరి. వారి యంత్రము పేరు సెకోయా. ఆ సంవత్సరము జూన్ మాసమున ప్రపంచమునందలి గణనయంత్రములలో అదియే మొదటిది. దానిలో 15,72,864 గణకములుండెను. గుండెను మిల్లీమీటరులో పదవ వంతు తునుకలుగా విభజించి, కోట్లకొలది తునుకలకు ఒక్కసారి లెక్క సాగించిరి. బ్రదికిన మనుష్యుని గుండె నిమిషమున కొట్టుకొనునన్ని మారులు ఆ లెక్కలలోని గుండె కొట్టుకొనుటకు నిమిషముకన్న కొంచెము మాత్రమే ఎక్కువ పట్టెను. ఒక్క కణములోని చెదురు, సమస్తమైన కండలో సుడిగా మారుట చూడవలెనన్నచో అంత యంత్రము కావలసివచ్చెను. ఆ సెకోయాను కూడ 2020లో విరమింపజేసిరి; దానికి మించినవి వచ్చినవి. హక్స్‌లీ పిడి త్రిప్పిన దినములకును దీనికిని నడుమ అరువదియొక్క సంవత్సరములు మాత్రమే.

అయినను ఈ యంత్రములను దేవతలుగా భావింపవలదని మనవి. వానిలో మనము పెట్టిన తూములే యున్నవి. మనకు తెలియని తూము వానికిని తెలియదు. అదియును గాక, యంత్రములోనిది సగటు గుండె. ముసలితనముచే మూత్రపిండములు మందగించిన మా నాయనగారి గుండె సగటు గుండె కాదు. మందు మంచిదో చెడ్డదో యంత్రము కొంత చెప్పగలదు. ఈ మనుష్యుడు ఇంకేమి మందు మ్రింగుచున్నాడో దానికి చెప్పవలసినవారము మనమే.

కోలుకొన్న తరువాత మా నాయనగారు మరి మూడేండ్లు జీవించిరి. ఆ కాలమున నేను చదివినది చదివినట్లు అరుగుపై వారికి వినిపించెడివాడను. రాత్రి రెండు గంటలకు యంత్రమువద్దకు పోవు పిల్లవాని కథ వారికి మిక్కిలి నచ్చెను. అంతయు విని, కొంతసేపు మణికట్టుపై వ్రేళ్లుంచి యూరకుండి, “అయితే దీనికి చెప్పువాడెవడును లేడన్నమాట. పెత్తనదారు లేని ఉమ్మడి కాపురము. ఒకరికి చెప్పిన మాట అందరికిని పోయి తగులును. నీవు ఆ రెండు చీటీలను ఒకరికొకరికి చూపియుండవలసినదిరా” అనిరి. కోపముతో అనలేదు. విద్యార్థి లెక్కలో తప్పిన చోటు వ్రేలితో చూపినట్లు అనిరి.

పెద్దలారా, మీలో చాలమంది ఒక వైద్యునికన్న ఎక్కువమంది వద్దకు పోవువారే యుందురు. రక్తపు పోటునకు ఒకరు, కీళ్లనొప్పికి ఒకరు, దగ్గునకు ఇంకొకరు. వీరుగాక అంగడిలో అడిగి తెచ్చికొను మాత్రలు. మీరు మ్రింగు ప్రతి మందు పేరును ఒక్క కాగితముపై వ్రాసియుంచుకొనుడు. ఏ వైద్యునివద్దకు పోయినను అడుగకమునుపే దానిని ముందుంచుడు. వాడుచున్న మందును మీయంతట మీరు మానవలదు. చూపి, అడిగి, వారు చెప్పినట్లు చేయుడు. నేను చేయక చెడిన పని యిది. మీరు చేసి సుఖముగా నుండుడు.

ఇక సెలవు.